స్పెక్ట్రమ్‌లో ఖాళీగా కనిపించేదంతా ఖాళీ కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో గ్రాఫ్ గీసి చూపించే స్పెక్ట్రమ్ అనలైజర్ ఒకటి చవకగా దొరికితే కొని, వారం రోజులు 100 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా రికార్డు చేశారు. ఎఫ్‌ఎం, మొబైల్, వైఫై బ్యాండ్లు కిటకిటలాడుతున్నాయి. రాడార్లకు, ఉపగ్రహాలకు, ఖగోళ పరిశోధనకు అని ప్రభుత్వ కేటాయింపుల పట్టికలో రాసి ఉన్న బ్యాండ్లు మాత్రం బోసిగా ఉన్నాయి. జనం నెట్ సరిగా రాక అవస్థ పడుతుంటే ప్రభుత్వ సంస్థలు ఇంత జాగాను వాడకుండా ఎందుకు పట్టుకు కూర్చున్నాయి, అంతా వేలం వేసి ఎక్కువ పాడినవాళ్లకు ఇచ్చేయొచ్చు కదా అని అడిగారు.

రేడియో ఇంటర్‌ఫియరెన్స్, అంటే ఒక సిగ్నల్‌కు ఇంకోటి అడ్డుపడటం, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి పట్టుకోవడం ఇరవై ఏళ్లకు పైగా నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను. మీ కోపంలో న్యాయం ఉంది, దాని గురించి కింద రాస్తాను. కానీ మీ గ్రాఫ్‌ను మాత్రం అంతగా నమ్మకండి. ఎవరు మాట్లాడుతున్నారో అది చూపిస్తుంది. ఎవరు వింటున్నారో చూపించదు.

మీ రికార్డింగులోనే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకసారి చూడండి. అక్కడ మీకు నేలబారు గీత తప్ప ఏమీ కనబడదు. అది జీపీఎస్ బ్యాండ్. భూమ్మీద ఇన్ని కోట్ల ఫోన్లు, ఓడలు, విమానాలు ఆధారపడ్డ సిగ్నల్ మీ గ్రాఫ్‌లో లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చేసరికి ఆ సిగ్నల్ ఎంత సన్నగిల్లుతుందంటే, ఒక వాట్‌ను పదివేల కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ లక్ష ముక్కలు చేస్తే వచ్చేంత. రిసీవర్‌లో వేడి వల్ల సహజంగా పుట్టే నాయిస్ కంటే కూడా తక్కువ. ఒక్కో ఉపగ్రహం పంపే కోడ్ ఏమిటో ముందే తెలుసు కాబట్టి, రిసీవర్ ఆ కోడ్‌తో పోల్చి చూసుకుంటూ నాయిస్ అడుగు నుంచి సిగ్నల్‌ను పైకి తీస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. మీరు ఎవరికైతే ఈ బ్యాండ్లు ఇవ్వమంటున్నారో ఆ మొబైల్ టవర్లలో చాలావాటికి గడియారం జీపీఎస్సే. ఆ టైమింగ్ చెడితే పక్కపక్క టవర్ల సిగ్నళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

రాడార్ సంగతి వేరు, అది మాట్లాడుతుంది కానీ చాలా తక్కువ. ఒక మామూలు రాడార్ మైక్రోసెకను పాటు గట్టిగా ఒక పల్స్ వదిలి, తర్వాత మిల్లీసెకను దాకా ఊరుకుంటుంది అనుకోండి. అంటే వెయ్యిలో ఒక వంతు సమయమే అది మాట్లాడేది. మిగతా 999 వంతులూ ప్రతిధ్వని కోసం చెవి రిక్కించి వింటుంది. పైగా యాంటెన్నా తిరుగుతూ ఉంటుంది. ఒక డిగ్రీ వెడల్పున్న ఆ కిరణం మీ వైపు చూసేది ఒక చుట్టులో 360వ వంతు సేపే. మీ అనలైజర్ సగటు చూపించే మోడ్‌లో ఉంటే ఆ రాడార్ లేనట్టే. కానీ అది నిశ్శబ్దంగా ఉన్న ఆ 999 వంతులే దానికి అసలు పని జరిగే సమయం.

406 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా మీకు శూన్యమే కనబడి ఉంటుంది. ఓడ మునుగుతున్నప్పుడు, విమానం కూలినప్పుడు పనిచేసే బీకన్ల బ్యాండ్ అది. ఒక్కో బీకన్ సుమారు 50 సెకన్లకోసారి అర సెకను పాటు 5 వాట్ల సిగ్నల్ పంపుతుంది, ఆపదలో ఉన్నవాళ్లను వెతికే కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ ఉపగ్రహాలు వింటాయి. ఆ బ్యాండ్ నిత్యం సందడిగా ఉండాలని ఎవరూ కోరుకోరు.

అసలు ట్రాన్స్‌మిటరే లేని వాడకందారులు కూడా ఉన్నారు. వీళ్ల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఏ వేలంలోనూ వీళ్ల గొంతు వినబడదు. హైడ్రోజన్ పరమాణువు 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర తనంతట తాను ఒక సన్నని తరంగాన్ని వదులుతుంది. పాలపుంత ఆకారం మనకు తెలిసింది చాలావరకు దానివల్లే. అందుకే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిబంధనల్లో 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఎవరూ ఏ సిగ్నలూ పంపకూడదని ఉంది. మొబైల్ కంపెనీకి ఈ బ్యాండ్ కాకపోతే ఇంకోటి ఇవ్వొచ్చు. హైడ్రోజన్‌ను ఇంకో ఫ్రీక్వెన్సీకి మారమని ఎవరు చెప్పగలరు?

రేడియో ఖగోళశాస్త్రం పుట్టిందే ఒక వ్యాపార అవసరం నుంచి అని గుర్తుచేయాలనిపిస్తోంది. 1930ల మొదట్లో బెల్ లేబొరేటరీస్‌లో కార్ల్ జాన్‌స్కీకి అప్పగించిన పని, అట్లాంటిక్ దాటే రేడియో టెలిఫోన్‌లో వినబడుతున్న గరగర ఎక్కడిదో కనిపెట్టమని. మెరుపుల వల్ల వచ్చేదాన్ని పక్కన పెట్టాక ఇంకా మిగిలిన సన్నని శబ్దం పాలపుంత మధ్య నుంచి వస్తోందని ఆయన తేల్చాడు. నేను ఈ వృత్తిలోకి రావడానికి కారణాల్లో అదొకటి. రేడియో టెలిస్కోపుల చెవులు ఎంత సున్నితమో చెప్పడానికి ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్ ఉదాహరణ చాలు. అక్కడ ఏళ్ల తరబడి అంతుచిక్కని కొన్ని సిగ్నళ్లు నమోదయ్యాయి. 2015లో తేలిందేమిటంటే, ఆ ప్రాంగణంలోని మైక్రోవేవ్ ఓవెన్ తలుపును వంట పూర్తి కాకముందే ఎవరైనా తీసినప్పుడు బయటికి వచ్చేవి అవి.

ఇది ఖగోళశాస్త్రజ్ఞుల ముచ్చటే అనుకుంటే, వానకు వద్దాం. గాలిలోని నీటి ఆవిరి 22.235 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల సహజంగా రేడియో తరంగాలు వెలువరిస్తుంది. వాతావరణ ఉపగ్రహాలు 23.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ సన్నని వెలుగును కొలిచి గాలిలో తేమ ఎంత ఉందో చెబుతాయి. తుపాను ఎక్కడ ఎంత కురుస్తుందో లెక్కకట్టే కంప్యూటర్ నమూనాలకు అది ముఖ్యమైన ఇన్‌పుట్. ఈ ఉపగ్రహాలకు కాపాడిన బ్యాండ్ 23.6 నుంచి 24 దాకా. 5జీకి ఇచ్చిన బ్యాండ్ 24.25 దగ్గర మొదలు. మధ్యలో గట్టు 250 మెగాహెర్ట్జ్ మాత్రమే.

2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్-షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో ఈ గట్టు మీదే పెద్ద తగాదా జరిగింది. ఒక్కో బేస్ స్టేషన్ నుంచి ఉపగ్రహాల బ్యాండ్‌లోకి ఎంత చిందొచ్చు అన్నది ప్రశ్న. ప్రతి 200 మెగాహెర్ట్జ్ ముక్కకు మైనస్ 55 డెసిబెల్ వాట్స్ మించకూడదని ప్రపంచ వాతావరణ సంస్థ కోరింది. యూరప్ మైనస్ 42 అంది. అమెరికా మొదట తన దేశంలో పెట్టుకున్న హద్దు మైనస్ 20. చివరికి మైనస్ 33 దగ్గర రాజీ కుదిరింది, 2027 సెప్టెంబర్ 1 తర్వాత వాడకంలోకి వచ్చే పరికరాలకు మైనస్ 39. ఈ లెక్కలో మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ చిందేది తగ్గుతుంది, ప్రతి 10 అంకెల తేడా పది రెట్లు. అంటే వాతావరణ శాస్త్రజ్ఞులు అడిగిన మైనస్ 55కీ మొదట అమల్లోకి వచ్చే మైనస్ 33కీ నూట యాభై రెట్లకు పైగా తేడా.

నన్ను బాధపెట్టేది ఆ అంకె కంటే ఒక లక్షణం. ఆ బ్యాండ్‌లో చిందిన సిగ్నల్, డేటాలో గరగరలా కనబడదు. గాలిలో తేమ కాస్త ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. పాడైన కొలత పాడైనట్టే తెలియదు. ఫోన్ కాల్ తెగితే ఫిర్యాదు చేసే మనిషి ఉంటాడు. వాన అంచనా కొంచెం తప్పితే, దానికి ఏ టవర్ కారణమో ఎవరు చెప్పగలరు?

నేను స్వయంగా చూసిన కేసు ఒకటి చెబుతాను. ఒక వాతావరణ రాడార్ తెర మీద, మధ్య నుంచి అంచు దాకా ఒకే దిక్కున ఒక చీలిక కనబడేది, కోసిన పుచ్చకాయ ముక్క ఆకారంలో. ఆకాశం నిర్మలంగా ఉన్నా అది అక్కడే ఉండేది. రాడార్ 5.6 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కూడా ఆ ముక్క వాడుకునే అనుమతి ఉంది, ఒక షరతు మీద. పరికరం ముందు ఛానల్‌ను వినాలి, రాడార్ పల్స్ వినబడితే వెంటనే వేరే ఛానల్‌కు పోవాలి. దాన్నే డీఎఫ్‌ఎస్ అంటారు. రాడార్‌ను కదిలించనక్కర లేకుండా జనానికి వైఫై దొరికిన మంచి ఏర్పాటు అది.

ఆ దిక్కు పట్టుకుని కారులో బయల్దేరాం. చేతిలో హార్న్ యాంటెన్నా, ఒడిలో అనలైజర్. ప్రతి కూడలిలో ఆగడం, యాంటెన్నా తిప్పడం, మ్యాప్ మీద గీత గీయడం. మూడో గీత మొదటి రెండింటినీ కోసిన చోట ఒక నాలుగంతస్తుల భవనం. దాని పైన పళ్లెం అంత డిష్, రెండు ఆఫీసులను కలిపే లింక్. లోపల సెట్టింగ్స్ తెరిస్తే దేశం కోడ్ వేరే దేశానిది పెట్టి ఉంది. దాంతో డీఎఫ్‌ఎస్ ఆగిపోయింది. బిగించిన కుర్రవాడిని పిలిపించి అడిగితే దాచకుండా చెప్పాడు. ఛానల్ మారినప్పుడల్లా లింక్ ఒక నిమిషం పోయేదట, ఆఫీసు వాళ్లు రోజూ ఫోన్ చేసి తిట్టేవారట. అతనికి అది ఒక డ్రాప్‌డౌన్ మెనూ, అంతే. కోడ్ సరిచేయించి రాడార్ ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. యాంటెన్నా ఇంకో చుట్టు తిరిగేసరికి చీలిక మాయమైంది.

అప్పటిదాకా ఆ ఆపరేటర్లు ఏం చేశారో తెలుసా? చూడ్డానికి ఇబ్బందిగా ఉందని సాఫ్ట్‌వేర్‌తో ఆ చీలికను చెరిపేసేవారు. దాంతోపాటు ఆ దిక్కున కురిసే వాన కూడా చెరిగిపోయేది. ఎన్ని నెలలు అలా నడిచిందో రికార్డులు తిరగేసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

ఇక మీ కోపంలోని న్యాయానికి వస్తాను. ఇంటర్‌ఫియరెన్స్‌లో తప్పు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, పంపేవాడు తన గట్టు దాటి పక్క బ్యాండ్‌లోకి చిందించడం. రెండోది, వినేవాడి చెవి తన బ్యాండ్ కంటే వెడల్పుగా ఉండటం. రెండో దాంట్లో పంపేవాడి తప్పు ఏమీ లేదు. పక్క బ్యాండ్ నిశ్శబ్దంగా ఉన్నన్నాళ్లూ చవక ఫిల్టర్‌తో రిసీవర్ తయారుచేసుకుని, తీరా పక్కకు ఎవరో వచ్చాక గోల చేయడం అది. ప్రభుత్వ సంస్థలు, విమానయానం, జీపీఎస్ పరిశ్రమ అందరూ ఈ తప్పు చేశారు.

అమెరికాలో జరిగింది చూడండి. విమానం నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచే రేడియో ఆల్టిమీటర్లు 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. పొగమంచులో దిగేటప్పుడు పైలట్‌కు అదే ఆధారం. 3.7 నుంచి 3.98 దాకా 5జీకి వేలం వేస్తే 2021లో 8,100 కోట్ల డాలర్లు వచ్చాయి. మధ్యలో 220 మెగాహెర్ట్జ్ గట్టు ఉంది, చిన్నదేమీ కాదు. అయినా దశాబ్దాల క్రితం డిజైన్ చేసిన కొన్ని ఆల్టిమీటర్లు అంత దూరంలోని బలమైన సిగ్నల్‌కు కూడా తడబడొచ్చని తేలింది. 2022 జనవరి 19న 5జీ మొదలయ్యే నాటికి కొన్ని విమానయాన సంస్థలు తమ సర్వీసులు రద్దు చేసుకున్నాయి, రన్‌వేల దగ్గరి టవర్లు ఆన్ చేయకుండా ఆపారు. తర్వాత ఫిల్టర్లు బిగించుకుంటూ 2023 మధ్యకు ఒక కొలిక్కి వచ్చింది.

ఆ బ్యాండ్‌లో అంతకుముందు ఉన్న ఉపగ్రహ కంపెనీలు త్వరగా ఖాళీ చేసినందుకు దాదాపు 970 కోట్ల డాలర్లు ఇచ్చే ఏర్పాటు వేలానికి ముందే జరిగింది. వేలంలో వచ్చినదాంట్లో ఒక చిన్న పాలు ఆల్టిమీటర్ల ఫిల్టర్లకు ముందే కేటాయించి, రెండేళ్లు గడువు ఇచ్చి ఉంటే ఆ టెన్షన్ అంతా తప్పేది. నా ఉద్దేశంలో అక్కడ ఓడిపోయింది 5జీనో విమానయానమో కాదు. స్పెక్ట్రమ్ చూసేది ఒకటి, విమానయానం చూసేది ఒకటి, ఈ రెండు ప్రభుత్వ విభాగాలు ఒకదానితో ఒకటి సమయానికి మాట్లాడుకోలేదు.

వేలం గురించి. నేను దానికి వ్యతిరేకిని కాను. వేలం లేని రోజుల్లో అమెరికాలో కాగితాల కట్టలు చూసి కమిటీలు లైసెన్సులిచ్చేవి, 1980ల్లో ఏకంగా లాటరీ తీశారు. గెలిచినవాళ్లు మర్నాడే అమ్ముకునేవారు. ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1959లోనే స్పెక్ట్రమ్‌ను అమ్మొచ్చని వాదించాడు, అమెరికా మొదటి వేలం వేసింది 1994లో. ఒకే రకం పని చేసే నలుగురు కంపెనీలవాళ్లలో ఎవరికివ్వాలో తేల్చడానికి వేలం కంటే నిజాయితీ గల పద్ధతి నాకు తెలియదు. నియమాలు సరిగా రాయాలి, అంతే. 1990 ప్రాంతంలో న్యూజిలాండ్ గెలిచినవాడు రెండో పెద్ద పాట ధర కడితే చాలనే పద్ధతి పెట్టి, కనీస ధర పెట్టడం మానేసింది. లక్ష డాలర్లు పాడిన కంపెనీ ఒకటి 6 డాలర్లు కట్టి బయటపడింది. మరోవైపు 2000లో జర్మనీ 3జీ వేలంలో 5,000 కోట్ల యూరోలకు పైగా వచ్చాయి. గెలిచిన ఆరుగురిలో ఇద్దరు 3జీ నెట్‌వర్క్ నడపకుండానే తప్పుకున్నారు.

చిక్కు ఎక్కడంటే, వేలంలో పాడగలిగేది ఆ బ్యాండ్ నుంచి డబ్బు రాబట్టగలిగేవాడే. వాన అంచనా అందరికీ ఉపయోగం, కానీ దానికి ఎవరూ విడిగా బిల్లు కట్టరు. వైఫై కూడా అంతే, అది ప్రభుత్వానిదీ కాదు, ఏ ఒక్క కంపెనీదీ కాదు. 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ ఉన్నది మైక్రోవేవ్ ఓవెన్ల వల్ల పనికిరాదనుకున్న బ్యాండ్. 1985లో అమెరికా దాన్ని లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. ఆ రోజు వేలం వేసి ఉంటే వైఫై తరఫున పాడటానికి ఎవరూ ఉండేవారు కాదు, ఎందుకంటే వైఫై అనేదే ఇంకా లేదు. ఇప్పుడు 6 గిగాహెర్ట్జ్ మీద అదే పేచీ నడుస్తోంది. అమెరికా 2020లో 1200 మెగాహెర్ట్జ్ మొత్తం వైఫై వంటి వాటికి వదిలింది, చైనా 2023లో పై భాగాన్ని మొబైల్‌కు ఇచ్చింది.

ప్రభుత్వాలు అవసరానికి మించి పట్టుకున్న చోట్లు ఉన్నాయా? ఉన్నాయి, ముఖ్యంగా రక్షణ శాఖల దగ్గర. ముప్పై ఏళ్ల కిందటి పరికరం కోసం దేశమంతటా ఒక బ్యాండ్ మూసి ఉంచడం, అది నిజంగా రెండు మూడు చోట్లే పనిచేస్తుండటం నేను చూశాను. దానికి మందు వేలం కాదు, పంచుకోవడం. అమెరికాలో 3.55 నుంచి 3.7 గిగాహెర్ట్జ్ దాకా నౌకాదళ రాడార్ల బ్యాండ్. తీరం వెంబడి సెన్సర్లు పెట్టారు. రాడార్ పెట్టుకున్న ఓడ దగ్గరికి వస్తే అవి పసిగట్టి ఒక డేటాబేస్‌కు చెబుతాయి, అది ఆ ప్రాంతంలోని స్టేషన్లను వేరే ఛానల్‌కు మారుస్తుంది. ఓడ వెళ్లిపోయాక మళ్లీ వాడుకోవచ్చు. మూడు వరసలు: ముందు నౌకాదళం, తర్వాత 2020 వేలంలో డబ్బు కట్టినవాళ్లు, ఆ తర్వాత మిగిలిన జాగాలో ఎవరైనా. తీరానికి దూరంగా ఉన్న ఊళ్లకు ఓడ రాడార్‌తో పనే లేదు కదా, అక్కడ ఆ బ్యాండ్ ఏడాది పొడవునా పనికొస్తోంది. నన్నడిగితే ముందు విడుదల కావలసినవి ఇలాంటి బ్యాండ్లే. నీటి ఆవిరిని, హైడ్రోజన్‌ను వినే బ్యాండ్లలో మాత్రం పంచుకోవడం కుదరదు. వినేవాడికి చిన్న గుసగుస కూడా ఎక్కువే.

పోలీసు, అగ్నిమాపక దళాలకు సొంత బ్యాండ్ ఉండాలా, మొబైల్ నెట్‌వర్క్‌లోనే ముందు వరస ఇస్తే చాలా అన్నది మీరు చివర్లో అడిగారు. అమెరికా 700 మెగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ వాళ్లకు కేటాయించి, నడిపే పని ఒక మొబైల్ కంపెనీకి అప్పగించింది. మామూలు రోజున ఆ కంపెనీ దాన్ని తన కస్టమర్లకు వాడుకుంటుంది, విపత్తు వస్తే సిబ్బందికి దారి వదలాలి. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, కానీ ఒక హెచ్చరికతో. వరదల తర్వాత నేను వెళ్లిన చోట్ల నెట్‌వర్క్ పడిపోయింది స్పెక్ట్రమ్ చాలక కాదు. కరెంటు పోయి, బ్యాటరీ కొన్ని గంటల్లో అయిపోయి, ఫైబర్ తెగి పడిపోయింది. ఒప్పందంలో జనరేటర్ గురించి ఒక పేజీ లేకపోతే ముందు వరస హక్కు కాగితానికే పరిమితం.

ఇప్పుడు మీ అనలైజర్ మళ్లీ తీయండి. సగటు మోడ్ వదిలేసి, కనబడిన అతి పెద్ద సిగ్నల్‌ను చెరపకుండా ఉంచే మాక్స్ హోల్డ్ పెట్టి ఒక రోజంతా ఉంచండి. 2.7 నుంచి 2.9 గిగాహెర్ట్జ్ మధ్య ఏదైనా లేస్తే, ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ క్షణక్షణానికీ ఎలా మారుతోందో చూపే జీరో స్పాన్ పెట్టండి. దగ్గర్లో విమానాశ్రయం ఉంటే నాలుగైదు సెకన్లకోసారి ఒక ముల్లు లేస్తుంది, అది రాడార్ మీ వైపు తిరిగిన క్షణం. 1400 నుంచి 1427 మధ్య ఏమైనా కనబడితే అది వాడకం కాదు, ఎవరో చేస్తున్న తప్పు, రాసిపెట్టుకోండి. ఇవన్నీ తీసేశాక, పట్టికలో వినేవాడు ఎవరూ లేని బ్యాండ్ ఏదైనా నెలల తరబడి నిజంగా కదలిక లేకుండా ఉంటే, తేదీలు, చోటు, యాంటెన్నా వివరాలు, రికార్డింగులతో సహా మీ దేశ రెగ్యులేటర్ ప్రజాభిప్రాయం అడిగినప్పుడు పంపండి. నేను అలాంటి ఫైళ్లు చాలా చదివాను. కంపెనీల లేఖలు వందల పేజీలుంటాయి, ఒక మామూలు మనిషి కొలిచి పంపిన కొలతలు అరుదుగా కనబడతాయి. కనబడితే వాటిని విడిగా తీసి ముందు చదువుతాం.